మఠమున గల్లాపెట్టె

పూర్వపక్షి: లోకమును విడిచితినని దేవుని సన్నిధిని మాటపట్టు ఇచ్చిన కన్యాస్త్రీ, తెల్లవారగనే బజారువీథిలో అంగడి తలుపులు తెఱచి, బీరువాలపై ధూళి దులిపి, గల్లాపెట్టె యెదుట కూర్చుండి చిల్లర లెక్కించుచుండగా చూచినప్పుడెల్ల నా మనస్సు సమాధానపడకున్నది. ఆమె శీలమునందు గాని భక్తియందు గాని నాకు సందేహము లేదు. ఆమెను అచట కూర్చుండబెట్టిన ఆలోచనయందే సందేహము. వైద్యశాలలోని కన్యాస్త్రీని రోగి బాధ పిలిచినది; అనాథశాలలోని యామెను బిడ్డ యేడుపు పిలిచినది. పుస్తకముల అంగడిలోని యామెను పిలిచినదెవరు? పుస్తకము దొరకక మరణించినవాడు నాకింతవఱకు కనబడలేదు.

ఉత్తరపక్షి: అట్టి మరణమునకు శవము లేదు కనుక కనబడడు. తమ ప్రశ్నకు వాదముతో గాక వృత్తాంతముతో బదులు చెప్పెదను. 1900వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి, ఇటలీ దేశమున పియెమాంటు సీమలోని ఆల్బా పట్టణపు ప్రధానదేవాలయమున, పదునాఱేండ్ల గురువిద్యార్థి యొకడు, ఒక శతాబ్దము గడచి వేఱొకటి పుట్టుచుండగా, దివ్యసత్ప్రసాదము నెదుట నాలుగు గంటలు ప్రార్థించుచుండెను. పేరు జాకొమో అల్బెరియోనె, సేద్యగాండ్ర బిడ్డ. క్రొత్త శతాబ్దపు జనులకొఱకు తానేదో చేయవలసియున్నదన్న తలంపు ఆ రాత్రియే తనకు కలిగినదని ఆయన పిమ్మట చెప్పుకొనెను. 1914 ఆగస్టు 20న ఆల్బాలో బాలురకొక ముద్రణపాఠశాల తెఱచెను. మరుసటి యేడు జూన్ నెలలో స్త్రీలకొక పనిశాల. ఇటలీ యుద్ధమున దిగి నెల తిరుగని దినములవి; ఆ స్త్రీలు మొదట కుట్టినవి సైనికుల దుస్తులు. సమీపగ్రామమైన కాస్తనీతోనుండి తెరేసా మెర్లో యను ఇరువదియొక్క యేండ్ల కుట్టుపనికత్తె, అంతగా ఆరోగ్యము లేనిది, వచ్చి వారితో చేరెను. త్వరలోనే కుట్టుపని ప్రక్కన చిన్న పుస్తకవిక్రయశాల వెలసెను. అనగా మఠము నిలదొక్కుకొని, తీరిక దొరకి, పిమ్మట అంగడి పెట్టుకొన్నది కాదు; రెండును కవలలు. వారిని పిలిచినదెవరని కదా తామడిగితిరి? గుడికి రానివాడు. ఆదివారపు పూజకు రాని కూలివాడును వార్తాపత్రిక చదువుచుండెను. గురువులను పరిహసించు పత్రికలకు ఆ దేశమున కొఱత లేదు. గుడిలోని ఉపన్యాసము ఆతని చెవికి చేరదు; కాగితము మాత్రము ఆతని భోజనపు బల్లవఱకు పోగలదు.

పూర్వపక్షి: వృత్తాంతము బాగున్నది. కాని క్రొత్త మఠసభలన్నచో శ్రీసభకు తొలినుండియు భయమేయని తామెఱుగుదురు. 1215లో లాతరాను మహాసభ క్రొత్త మఠసభలు వలదనియు, సన్న్యసింపగోరువారు ఉన్నవానిలోనే చేరవలయుననియు శాసించెను. 1298లో ఎనిమిదవ బొనిఫాసు పోపు కన్యాస్త్రీలు మఠప్రాకారము దాటరాదనెను. 1563లో త్రెంతు మహాసభ ఆ మాటనే దృఢపఱచెను. ప్రాకారము లేని స్త్రీసభను నడపజూచిన మేరీ వార్డు అను ఆంగ్లవనిత యత్నమును 1631లో ఎనిమిదవ ఉర్బాను పోపు రద్దుచేసెను. నేటి మాట చెప్పవలెనన్న, 2020 నవంబరు మొదలు, రోమునుండి వ్రాతమూలకమైన అనుమతి ముందుగా పొందనిదే ఏ పీఠాధిపతియు తన మేత్రాసనమున క్రొత్త సభను స్థాపింపజాలడు. ఇన్ని శతాబ్దముల జాగ్రత్త వట్టి మొండితనమందురా? ఉత్సాహవంతుడైన గురువొకడు, ఆయన చుట్టును పదిమంది యువతులు, ఒక అద్దెయిల్లు, ఒక అప్పు. ఇట్లారంభమైనవానిలో స్థాపకుని యనంతరము నిలిచినవెన్ని? మూతపడిన దినమున నలువది దాటిన ఆ స్త్రీలకు చేతవృత్తి లేదు, తలదాచుకొన నిల్లు లేదు, కొన్నిచోట్ల స్థాపకుని మాటకు ఎదురుచెప్పిన యలవాటును లేదు. అంగడికన్న ముందుగా నన్ను వేధించునది యిదియే.

ఉత్తరపక్షి: ఆ భయమును నేను తేలికగా త్రోసివేయను. స్థాపకుని మాటయే దైవవాక్యమై చెలామణియైన సభలలో స్త్రీలు పడిన యవస్థలు బయలుపడిన కాలమున నున్నాము. రోముయొక్క ముందస్తు అనుమతి నియమము నాకు సమ్మతమే. కాని తాము చదివిన శాసనముల జాబితాలో సగము కథయే యున్నది. 1215లో వలదన్న పిమ్మటనే, 1223లో, ఫ్రాన్సిసువారి నియమావళికి పోపుగారి ముద్ర పడెను. 1610లో ఆన్సీ పట్టణమున ఫ్రాన్సిసు ద సేల్సును జాను ద షాంతాలును స్థాపించిన సభలోని స్త్రీలు మొదట రోగుల యిండ్లకు పోయి సేవచేయుచుండిరి. ఎనిమిదేండ్లకే వారిని ప్రాకారములోపలికి నెట్టిరి. ఆ నెట్టుటవలన రోగులకు గలిగిన లాభమేమో నాకు బోధపడదు. మేరీ వార్డును స్థాపకురాలిగా అంగీకరించుట 1909లో. రద్దుచేసినదియు రోమే, అంగీకరించినదియు రోమే. నడుమ రెండువందల డెబ్బదియెనిమిది యేండ్లు. జాగ్రత్తయు మంచిదే, జాగ్రత్తకును వెల యున్నది, ఆ వెలను చెల్లించినవారు స్త్రీలు. ఇక ఆల్బావారి విషయమున తొందరపాటు ఎక్కడ నున్నది? 1915లో పనిశాల, 1922 జూలై 22న తొమ్మండుగురు వ్రతములు స్వీకరించుట, తెరేసా మెర్లో తెక్లా యను క్రొత్త పేరుతో వారికి పెద్దయగుట, 1929లో మేత్రాసనపు ఆమోదము, రోము తుది యామోదము 1953లో. ముప్పదియెనిమిదేండ్ల పరీక్ష చాలదందురా?

పూర్వపక్షి: చాలును. ఈ యొక్క సభ విషయమున చాలునని యొప్పుకొనెదను. ఇప్పుడు అంగడికి వత్తము. గురువులును మఠవాసులును వర్తకము చేయరాదని శ్రీసభ చట్టము. 1917నాటి స్మృతిలోను కలదు, 1983నాటి స్మృతిలోను కలదు. దేవాలయప్రాంగణమున రూకలు మార్చువారి బల్లలను తలక్రిందు చేసినదెవరో నేను చెప్పనక్కఱలేదు. వర్తకుడు దుర్మార్గుడని నా మాట కాదు. మా యింటివారును వర్తకులే. లాభమును వెదకు బుద్ధి యొకవిధమైన యేకాగ్రత. ప్రార్థన మఱియొకవిధమైన యేకాగ్రత. ఒకే మనస్సును ప్రొద్దున దానికిని సాయంకాలము దీనికిని అప్పగించుట కుదురదన్నంతవఱకే నా వాదము.

ఉత్తరపక్షి: చట్టము నిషేధించినది ఏ వర్తకమును? చౌకగా కొని, ఏ మార్పును చేయక, లాభమునకు మాఱమ్ముటను. తన చేతుల కష్టమువలన పుట్టిన వస్తువును అమ్ముకొనుట ఎన్నడును నిషిద్ధము కాలేదు. ఆఱవ శతాబ్దమున బెనెడిక్టువారి నియమావళి, ఏబదియేడవ అధ్యాయమున, మఠములోని పనివాండ్రు చేసిన వస్తువులను లోకులు అమ్ము వెలకన్న కొంచెము తగ్గించి అమ్మవలయునని చెప్పినది. పేరాస చొరబడకుండుటకు ఆ తగ్గింపే కావలి. ప్రార్థనజీవనమునకు పితామహుడనదగిన ఆయనయే మఠమున అమ్మకముండునని అంగీకరించి, వెలకు హద్దు గీచెను. ఆల్బా స్త్రీలు 1918 డిసెంబరున, ఫ్రాన్సు దేశపు త్రోవలో పర్వతపాదమున నున్న సూసా పట్టణమునకు వెళ్ళి, అచటి పీఠాధిపతి కోరికపై మేత్రాసనపు వారపత్రిక లా వాల్సూసాను తమ చేతులతో అక్షరము లక్షరములుగా కూర్చి అచ్చొత్తిరి. ఆడువారు సీసపు అక్షరములు కూర్చుట ఆ కొండయూరికి వింత. వారి అంగడిలో పౌలు పటముండుటచేత ఊరివారు వారిని పౌలు కుమార్తెలనిరి. ఆ పేరే సభకు నిలిచెను. కూర్చినదియు వారే, అచ్చొత్తినదియు వారే, అమ్మినదియు వారే. ఇందు చట్టము తప్పిన భాగమేది?

పూర్వపక్షి: సూసాలో తప్పలేదు. కాని నేటి అంగడిలోనికి పోయి చూడుడు. ఇతరులు వ్రాసి ఇతరులు అచ్చొత్తిన పుస్తకములు, క్రొవ్వొత్తులు, జపమాలలు, స్వరూపములు, క్రిస్మసు కార్డులు. ఇవి యేవి వారి చేతులలో పుట్టినవి? ఇది తాము చెప్పిన నిర్వచనము ప్రకారమే కొని మాఱమ్ముట.

(ఈ ప్రశ్నకు ఉత్తరపక్షి వెంటనే బదులీయలేదని వ్రాయుట న్యాయము.)

ఉత్తరపక్షి: నిజము. పుస్తకములవలన అద్దె గిట్టక, స్వరూపములవలన గిట్టించుకొను దుకాణములు కలవు. వాని బీరువాలలో వేదవ్యాఖ్యానము క్రింది వరుసకు జాఱి, మెఱుగు బొమ్మలు కంటి యెదుటికి వచ్చును. దీనిని సమర్థింపను.

పూర్వపక్షి: ఆ జాఱుట నిన్న మొన్నటిది కాదు, అందుకొక పూర్వకథ కలదు. 1476 మొదలు 1484 వఱకు ఫ్లోరెన్సు నగరమున, రిపోలి యనుచోట, దొమినికువారి కన్యాస్త్రీల మఠమున అచ్చుకూటము నడచెను. అక్షరములు కూర్చినవారిలో కన్యాస్త్రీలు కలరు. ఆ అచ్చుకూటపు జమాఖర్చుల చిట్టా నేటికిని నిలిచియుండుటచేత, కాగితమున కెంత, సిరాకెంత యన్న వివరములు మనకు తెలియుచున్నవి. మొదట లాటిను వ్యాకరణము, భక్తిపుస్తకములు. అయిదాఱేండ్లకు పుల్చి కవి మోర్గాంతె. అది రాక్షసుని తిండిపోతుతనమును వీరుల వెక్కిరింతలును నిండిన హాస్యకావ్యము. కవిత్వముగా గొప్పదే, నాకు ప్రియమైనదే. కాని వ్రతముపట్టిన స్త్రీల వ్రేళ్ళు దానిని కూర్చుటకు హేతువేమి? కవిత్వాభిమానమా? చిట్టా చూచినవాడెవడును అట్లనడు. కాగితపువర్తకునకు బాకీ యున్నది. యంత్రమును కొన్న మఠమునకు ఆ యంత్రమే ఆకలి తెచ్చిపెట్టును. ఆ యాకలికి అమ్ముడుపోవు సరకు కావలెను.

ఉత్తరపక్షి: రిపోలి మాట తెచ్చుట నాకు సంతోషము, ఏలయన మన యిరువురి భేదము అచటనే స్పష్టమగుచున్నది. రిపోలిలో మఠము ముందున్నది. అచ్చుకూటము దానికి ఆదాయమార్గముగా పిమ్మట వచ్చినది. అచట స్త్రీలు కన్యాస్త్రీలైనది వేఱొక కారణమున. అక్షరములు కూర్చినది వేఱొక కారణమున. ఆ రెండు కారణముల నడుమ సందు ఉండుటచేతనే మోర్గాంతె దూఱినది. పౌలు కుమార్తెల విషయమున ఆ సందు లేదు. తెక్లా మదరుగారు దైవసేవచేయుటయనగా పుస్తకమును చేర్చుట యనియే మాటపట్టిచ్చిరి. వైద్యశాలలోని కన్యాస్త్రీకి గాయము కట్టుట ఆదాయమార్గమందురా? దైవారాధనమునకు అడ్డమందురా? ఈమెకు పుస్తకము అట్టిది. అల్బెరియోనెగారు పుస్తకవిక్రయశాలను దేవాలయముతోను, అమ్ము బల్లను బోధపీఠముతోను పోల్చి చెప్పుచుండెడివారు; అది అలంకారము కాదు, ఆయన అక్షరాలా నమ్మిన మాట.

పూర్వపక్షి: అట్లయిన నా భయము తగ్గలేదు, పెరిగినది. రిపోలి అచ్చుకూటము మూతపడినప్పుడు మఠమునకు ప్రార్థన మిగిలియుండెను. ఎందుకనగా ప్రార్థన ముందునుండియు వేఱుగా నుండినది. పనియే వ్రతమైనచోట, ఆ పని కాలముచెల్లినచో మిగులునదేమి? రోగము మనుష్యజాతి యున్నంతకాలముండును, కనుక రోగులకొఱకు పుట్టిన సభకు చిరాయువు. సీసపు అక్షరములు పోయినవి. పుస్తకములు ఇంటికే తెచ్చియిచ్చు బేరగాండ్రు వచ్చిరి. నగరములలో పెద్ద పెద్ద దుకాణములే మూతపడుచున్నవి. ఒక కాలపు యంత్రమునకు నిత్యవ్రతమును ముడివేయుట దూరదృష్టియా?

ఉత్తరపక్షి: మొదటి పని కుట్టుపనియని మఱచితిరి. సైనికుల దుస్తులు కుట్టుట ఆగినది, స్త్రీలు మిగిలిరి. సూసా పత్రికాముద్రణము కొన్ని యేండ్లకు ముగిసినది, మిగిలిరి. 1928 మొదలు సలేర్నో మున్నగు ఊళ్ళకు పోయి శాఖలు పెట్టిరి. అంగడికి జనము రానిచోట జనమున్న చోటికే, సంచులలో పుస్తకములు మోసికొని, ఇంటింటికి, మెట్లెక్కి మెట్లు దిగి, తిరిగిరి. తలుపు తీసి మూసివేసిన యిండ్లెన్నియో. 1931లో సముద్రము దాటి బ్రెజిలు, అర్జెంటీనా. మరుసటి యేడు అమెరికా. 1951లో మన దేశము. నేడు ఏబది దేశములవఱకు కలరు. కాగితమునుండి చలనచిత్రమునకు, ఆకాశవాణికి, ఆపై కంప్యూటరునకు మాఱిరి. వారు ముడిపడినది యంత్రమునకు కాదు. ప్రతి కాలమున జనుల చేతిలో నుండు దానికి. అయినను తమ వాదములో నన్ను గ్రుచ్చుకొనుచున్న ముల్లొకటి కలదు. ప్రతి క్రొత్త యంత్రముతోపాటు క్రొత్త ఖర్చు, క్రొత్త శిక్షణ, క్రొత్త హడావిడి. డెబ్బదియేండ్ల సిస్టరు ఏమి చేయవలయును? మెట్లెక్కలేదు, కంప్యూటరు పట్టుపడదు. పనియే వ్రతమన్నవారు పనిచేయలేని వృద్ధురాలి వ్రతమును గూర్చి ఎక్కువగా ఆలోచింపవలసియున్నది.

పూర్వపక్షి: ఆ మాట తమనోట వచ్చుట మంచిది. దానికి తోడు మఱొకటి అడిగెదను. 1924 ఫిబ్రవరిలో అల్బెరియోనెగారే ఈ స్త్రీలలోనుండి కొందఱిని వేఱుచేసి, దివ్యసత్ప్రసాదారాధనమునకై దివ్యగురుని శిష్యురాండ్రు అను సభను ఆరంభించిరి గదా. అచ్చుకూటమున పనిచేయువారి ప్రార్థన చాలినచో వేఱుగా ప్రార్థించువారు ఏల కావలసి వచ్చిరి? స్థాపకునకే ఎక్కడనో సంశయముండెనని నా యూహ.

ఉత్తరపక్షి: ఊహగానే ఉంచుడు. అమ్ము బల్లయొద్ద నిలుచు సిస్టరుకును దినమునకొక గంట ఆరాధనము నియమమే. దానిని తప్పించుకొన వీలులేదు. శిష్యురాండ్ర సభ ఆ గంటకు బదులుగా పుట్టలేదు.

పూర్వపక్షి: సరే. అయినను ఇదంతయు సన్న్యాసినులే చేయవలయునా? మన దేశముననే చూడుడు. గోరఖుపురపు గీతాప్రెస్సు 1923లో పుట్టినది. స్థాపించినవారు గృహస్థులైన వర్తకులు. రామాయణమును గీతను చౌకవెలకు అచ్చొత్తి, ప్రకటనలు తీసికొనక, రైల్వేస్టేషనుల అంగళ్ళవఱకు చేర్చిరి. తెలుగు లోగిళ్ళలో ఆ పుస్తకము లేని యిల్లు వెదకవలసియుండును. ఏ సన్న్యాసియు గల్లాపెట్టె ముందు కూర్చుండలేదు. వర్తకము వర్తకునకే తెలియును. క్రైస్తవ గృహస్థులు ఆ పని చేయరాదా? కన్యాస్త్రీలు ప్రార్థించిరేని, ఆ గృహస్థునకు ఎంత బలము!

ఉత్తరపక్షి: గీతాప్రెస్సుయెడ నాకు గౌరవమున్నది, దానిని చూచి కథోలికులు సిగ్గుపడవలసినంత చౌకగా అమ్మిరి. గృహస్థులు చేయవచ్చును, చేసినచోట్ల బాగుగానే చేసిరి. కాని తాము పుస్తకమును చేర్చుటను గూర్చియే మాటాడుచున్నారు, ఆ చోటును గూర్చి కాదు. గురువు నెదుట కూర్చుండి నోరు విప్పలేనివాడు ఉన్నాడు. భర్త పోయిన స్త్రీ, బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి, ఇరువదియేండ్లుగా పూజకు పోక మరల పోవుటకు మొగము చెల్లనివాడు. గుడిలోనికి పోయిన నలుగురు చూతురు. అంగడిలోనికి పోవుటకు కారణము చెప్పనక్కఱలేదు, కార్డు కొనవచ్చితిననవచ్చును. బీరువా ముందు అటునిటు తిరిగి, ఎవరును లేనప్పుడు, దుఃఖమునకేదైన పుస్తకమున్నదా యని అడుగును. అప్పుడు అచటనున్నది నెలజీతపు గుమాస్తా కాక, ఆ గంటసేపు వినుటకే జీవితమునిచ్చిన మనిషి యైనచో? మన దేశమున ఆ గుమ్మము ముందు నడచుచున్నవారిలో క్రైస్తవులు కొలదిమందియే. ఆ గుమ్మము జ్ఞానస్నానపు పత్రమును అడుగదు.

పూర్వపక్షి: ఇది తమ పక్షమున మిక్కిలి బలమైన మాట. దీనికి నాయొద్ద పూర్తి సమాధానము లేదు. కాని గుమ్మము ఏమియు అడుగదన్న మాటను పరీక్షింపవలయును. నిషిద్ధగ్రంథముల పట్టికను శ్రీసభ 1966లో విడిచినది. పట్టిక పోయినను బీరువా యున్నది. బీరువాలో లేని పుస్తకము నిషేధింపబడిన పుస్తకమువంటిదే. గురువుల అకృత్యములను బయలుపఱచిన పుస్తకమొకటి యున్నదనుకొందము. అందలి ప్రతి వాక్యమును సత్యమే యనుకొందము. దుఃఖముతో వచ్చిన మనిషి దుఃఖమునకు ఆ అకృత్యమే కారణమనుకొందము. ఆతనికి తమ అంగడిలో ఆ పుస్తకము దొరకునా?

ఉత్తరపక్షి: దొరకునని ప్రమాణము చేయజాలను. దొరకవలయునని నా యభిప్రాయము. ఏఱుకొనక అమ్ము దుకాణము లోకమున లేదు. ఏఱుటకు హేతువు చదువరియందలి ప్రేమయా, పైవారియందలి భయమా యని అడుగు హక్కు తమకు పూర్ణముగా కలదు.

పూర్వపక్షి: అట్లయిన అది అంగడి కాదు, ఉపన్యాసవేదిక. అది గుడిలో ఇదివఱకే యున్నది.

ఉత్తరపక్షి: గుడిలో ఉపన్యాసము నడుమ లేచిపోవుట కష్టము. ఇచట నాలుగు పుటలు చదివి, నచ్చక, మూసి, పలుకక పోవచ్చును. వెంటపడువారు లేరు.

పూర్వపక్షి: ఒక మధ్యమార్గము చెప్పెదను. గల్లాపెట్టెను ఒక గృహిణికి అప్పగింపుడు, తగిన జీతమిచ్చి. సిస్టరు బీరువాల నడుమ నుండనిండు, మాటాడనిండు, విననిండు. రొక్కము మాత్రము ముట్టవలదు. అప్పుడు నా యాక్షేపణలో మూడువంతులు తీఱును.

ఉత్తరపక్షి: సిబ్బంది చాలనిచోట్ల అట్లు జరుగుచునే యుండవచ్చును; నాకును కొంత ఆకర్షణగానే యున్నది. కాని ఏ పుస్తకము నిలువక పోవుచున్నదో, ఏది మూడేండ్లుగా కదలలేదో, ఎవరు వెల విని మాటాడక పుస్తకమును మరల బీరువాలో పెట్టిరో తెలియునది ఆ పెట్టెయొద్దనే. వెల విని వెనుకకు పెట్టినవానిని చూచుటకు ఆమె అచట నుండవలయును.

పూర్వపక్షి: చూచి యేమి చేయును? ఊరక యిచ్చునా?

ఉత్తరపక్షి: కొన్నిమారులిచ్చును. ఇచ్చినదానికి నెలాఖరున పెద్ద సిస్టరుకు లెక్క చెప్పుకొనును.

పూర్వపక్షి: ఆ లెక్కలో ఊరక యిచ్చిన పుస్తకముల వరుస యొకటి వేఱుగా నున్నచో, ఆ చిట్టా తెచ్చి నాకు చూపుడు, నా పక్షమును మరల ఆలోచించెదను. రిపోలివారి చిట్టాలో అట్టి వరుస నాకు కనబడలేదు.